ఓణీల ఆల్బమ్‌లో మా అమ్మాయి బుగ్గ మీది మచ్చ మాయమైంది... ఉంచమనాలా, వద్దనాలా?

పశ్చిమ గోదావరి జిల్లా నుంచి ఒక తల్లి పెద్ద ఉత్తరం రాశారు. పేర్లూ ఊరూ వేయొద్దన్నారు కాబట్టి విషయం మాత్రం చెబుతాను.

ఆవిడ పెద్దమ్మాయికి 11 ఏళ్లు. పుట్టుకతోనే ఎడమ బుగ్గ మీద, చెవి దగ్గర నుంచి దవడ దాకా, నేరేడు పండు రంగులో పెద్ద మచ్చ ఉంది. ‘పోర్ట్ వైన్ స్టెయిన్ అంటారు, భయపడాల్సిందేమీ లేదు, కావాలంటే తర్వాత లేజర్ చేయించవచ్చు’ అని పాప పసిగా ఉన్నప్పుడే డాక్టరు చెప్పారట. ఊళ్లో, బడిలో అందరికీ అలవాటైన మచ్చే. పాప కూడా దాని గురించి ఎప్పుడూ ఏడ్చింది లేదు.

పోయిన నెలలో ఓణీల ఫంక్షన్ చేశారు. ముందే స్టూడియోలో తీయించిన ఫొటోతో హాలు గేటు దగ్గర నిలువెత్తు ఫ్లెక్సీ కట్టించారు. అందులో మచ్చ లేదు. ఒంటి రంగు పాలలా ఉంది, గడ్డం సన్నబడింది, కళ్లు పెద్దవయ్యాయి. పాప దాని పక్కనే నిలబడి ఫ్రెండ్స్‌తో ఫొటోలు దిగుతుంటే, ఆవిడ చెల్లెలి కొడుకు, ఆరేళ్లవాడు, ఫ్లెక్సీనీ పాపనీ మార్చి మార్చి చూసి, "పెద్దమ్మా, ఇది అక్క కాదు కదా? అక్క మచ్చేదీ?" అని గట్టిగా అడిగాడట. అందరూ నవ్వారు. పాపా నవ్వింది.

ఆ రోజు నుంచి ఫొటో తీయడానికి ఎవరు ఫోన్ ఎత్తినా పాప ఎడమ బుగ్గ కనపడకుండా తిరుగుతోంది. ఫ్లెక్సీ ఫొటోనే అమ్మ ఫోన్‌లో డీపీగా పెట్టింది. ఇప్పుడు ఆల్బమ్ డిజైన్ వాట్సాప్‌లో వచ్చింది. దగ్గరగా తీసిన ఫొటోలన్నిటిలో మచ్చ తీసేశారు, గ్రూప్ ఫొటోల్లో ఉంది. తల్లిని కూడా తెల్లగా చేశారు. పాప చూసి, "అన్నిట్లో తీసేయమను అమ్మా" అంది. భర్త ‘డబ్బులిచ్చాం, బాగానే చేశాడు, వదిలెయ్’ అంటున్నారు. అత్తగారు ‘రేపు సంబంధాలప్పుడు చూపించేది ఈ ఫొటోలే కదా’ అంటున్నారు. ఆవిడ ప్రశ్న ఇది: "తీసేయమంటే నువ్వు బాగోలేవని నా బిడ్డకు నేనే చెప్పినట్టు. ఉంచమంటే అది అడిగింది కాదని మచ్చని దాని మీద రుద్దినట్టు. ఏం చేయను?"

అమ్మా, మీ ఉత్తరం అంతా ఆల్బమ్ గురించే ఉంది. ఒక్క వాక్యం మాత్రం వేరే. ‘కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం రోజు నేను వాకిట్లోకి వచ్చానని, అందుకే ఇలా అయిందని మా అత్తగారు ఇప్పటికీ అంటారు’ అని రాసి, వెంటనే ఫొటోగ్రాఫర్ సంగతికి వెళ్లిపోయారు. ముందు దానికి జవాబు చెప్పనివ్వండి. ఆ మచ్చకూ గ్రహణానికీ ఏ సంబంధమూ లేదు. చర్మం లోపలి సన్నటి రక్తనాళాలు ఆ మేరకు వెడల్పుగా ఉండిపోవడం వల్ల ఆ రంగు కనిపిస్తుంది. బిడ్డ కడుపులో రూపుదిద్దుకునే రోజుల్లో, కొన్ని కణాల్లో మాత్రమే, ఒక జన్యువులో దానంతటదే వచ్చే మార్పు దీనికి మూలమని 2013లో శాస్త్రవేత్తలు కనుక్కున్నారు. తల్లి ఏం తిన్నదీ, ఏ రోజు గడప దాటిందీ లెక్కలోకే రావు. పదకొండేళ్లుగా ఈ మాట మోస్తున్నారు మీరు. ఆ బరువుతోనే ఆల్బమ్ గురించి తేల్చబోతే మచ్చ ఉంచినా తప్పు చేసినట్టే ఉంటుంది, తీసినా తప్పు చేసినట్టే ఉంటుంది. దాన్ని దించేసి మిగతాది చదవండి.

ఇక ఫొటోలు. ముఖానికి మెరుగులు దిద్దడం కంప్యూటర్లు వచ్చాక పుట్టిన అలవాటు కాదు. ఫిల్మ్ రోజుల్లో కూడా స్టూడియోల్లో నెగెటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో గీసి ముడతలు, మచ్చలు కనపడకుండా చేసేవారు. చాలా ఓపిక కావాల్సిన పని, అందుకని ఏ కొన్ని ఫొటోలకో చేసేవారు. 1990లో ఫొటోషాప్ వచ్చింది. మచ్చ మీద రుద్దితే పక్కనున్న చర్మాన్ని తెచ్చి అక్కడ పరిచే హీలింగ్ బ్రష్ 2002లో అందులో చేరింది. ఇప్పుడైతే చర్మం నునుపు చేయడానికి ఒక్క బటన్ చాలు. పసిపిల్ల బుగ్గన అమ్మమ్మ పెట్టిన దిష్టి చుక్కను కూడా మరక అనుకుని చెరిపేసే కాలం ఇది.

అయితే మీ అమ్మాయికి ఉన్నంత పెద్ద మచ్చ ఒక్క బటన్‌తో పోదు. ఆ మేరకు చర్మాన్ని జాగ్రత్తగా సెలెక్ట్ చేసుకుని, ఊదా రంగును తగ్గించి, చుట్టూ ఉన్న రంగుతో కలిపి, అంచులు తెలియకుండా మళ్లీ సరిదిద్దాలి. ఒక్కో ఫొటోకీ విడిగా కూర్చోవాలి. గ్రూప్ ఫొటోల్లో మచ్చ మిగిలిపోయింది అందుకే. అంటే స్టూడియో అబ్బాయి నిర్లక్ష్యంగా చేసిన పని కాదు, కష్టపడి చేశాడు, మీకు సాయం చేస్తున్నాననే అనుకున్నాడు. అడక్కుండా చేయడం మాత్రం తప్పే. అతనితో ఆ మాట అనండి, కానీ గొడవ పడొద్దు. ఇప్పుడు మీకు అతని సాయం కావాలి.

ఎందుకంటే, మీరు పంపిన నాలుగు ఫొటోలు పెద్దవి చేసి చూశాను. అతను నాలుగు రకాల పనులు ఒకేసారి చేశాడు. మొదటిది వెలుగు. హాల్లో పసుపు లైట్లు, వెనక తెల్ల పూల డెకరేషన్, మెరిసే జరీ. ఇలాంటి చోట కెమెరా ఆ తెలుపునీ మెరుపునీ లెక్కలోకి తీసుకుని మొత్తం వెలుగు తగ్గించేస్తుంది. చామనఛాయ ముఖాలు అసలు ఉన్నదానికంటే నల్లగా, దిగులుగా వస్తాయి. దాన్ని సరిచేయడం అబద్ధం కాదు, కెమెరా చేసిన పొరపాటును దిద్దడం. రెండోది ఆ రోజుకు మాత్రమే ఉన్నవి: చెమట మెరుపు, కళ్ల కింద చెదిరిన కాటుక, నుదుటి మీద దోమ కుట్టిన దద్దురు, మెడ మీద అంటుకున్న జుట్టు. వారం తిరిగేసరికి అవి ఎలాగూ ఉండవు, తీసేసినా ఎవరికీ నష్టం లేదు. మూడోది రంగు మార్చడం, గడ్డం నొక్కడం, కళ్లు సాగదీయడం. నాలుగోది మచ్చ.

మీ పాప ముందు రెండు ఫొటోలే ఉన్నాయి. ఒకటి ఏ పనీ చేయని, పసుపు వెలుగులో చెమటతో అలిసిపోయిన ముఖం. రెండోది ఈ నాలుగు పనులూ చేసిన ముఖం. అందులో రెండోదే బాగుందని ఏ పిల్లైనా అంటుంది. కానీ తనకు నచ్చింది మచ్చ లేకపోవడమా, ముఖం మీద వెలుగు పడటమా, జుట్టు చక్కగా ఉండటమా? మనకు తెలియదు. తనకూ తెలియదు. మచ్చతోనే ఉన్న, బాగా వచ్చిన ఫొటో ఒక్కటి కూడా ఈ ఫంక్షన్ నుంచి తనకు ఎవరూ చూపించలేదు. ఈ సంగతి తేలకుండా ‘పిల్ల అడిగింది కదా’ అని తీర్మానించడం తొందరపాటు అవుతుంది.

కాబట్టి స్టూడియోకి ఫోన్ చేసి, ఈ రెండూ కాకుండా, వెలుగు సరిచేసి మచ్చ ఉంచిన ఫొటోలు అడగండి. దగ్గరగా తీసినవాటిలో ఐదారు చాలు. మాటలు కూడా రాసిస్తాను: "తమ్ముడూ, వెలుగు, రంగు సరిచెయ్యి. కాటుక, చెమట, జుట్టు నీ ఇష్టం. ఒంటి రంగు తెల్లగా చెయ్యొద్దు, గడ్డం, కళ్లు ముట్టుకోవద్దు, మచ్చ ఉన్నది ఉన్నట్టు ఉంచు. దీనికి విడిగా ఎంతైతే అంత తీసుకో." లేయర్లుగా, అంటే ఒక్కో మార్పును విడి పొరగా, సేవ్ చేసి ఉంటే మచ్చ మీది లేయర్‌ను ఆపేస్తే చాలు, క్షణాల పని. అన్నీ కలిపేసి జేపెగ్ మాత్రమే ఉంచుకుంటే ఒరిజినల్ ఫొటో నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. అందుకే డబ్బు మాట ముందే అనేయడం మంచిది. అతను ‘సరిగ్గా చేశాను మేడమ్, రంగు మార్చలేదు’ అని పంపితే నమ్మకం కోసం ముఖం పక్కన చెయ్యి చూడండి. మీరు పంపిన వాటిలో ఒకదాంట్లో పాప బుగ్గకు చెయ్యి ఆనించుకుని కూర్చుంది. గోరింటాకు పండిన ఆ వేళ్లు చామనఛాయలోనే ఉన్నాయి, వాటి పక్కన బుగ్గ తెల్ల కాగితంలా ఉంది. రెండూ ఒకే పిల్లవి అనిపించవు. మీ సొంత ముఖానికీ మెడకూ మధ్య కూడా అలాంటి గీతే కనిపిస్తోంది.

ఫొటోలు వచ్చాక ఫోన్‌లో చూపించకండి, ఫోన్‌లో అయితే వేలితో జరిపేసి వెళ్లిపోతుంది. చిన్న సైజులో ప్రింట్లు వేయించండి. నాన్నమ్మ, తమ్ముడు ఎవరూ లేనప్పుడు మీరిద్దరే కూర్చోండి. "ఏది బాగుంది?" అని అడగొద్దు. మీకు ఏ జవాబు కావాలో మీ గొంతులోనే దానికి తెలిసిపోతుంది. "ఫొటోగ్రాఫర్ అన్నయ్య నిన్ను అడక్కుండానే చేసేశాడు. ఫొటోల్లో ఉన్నది నువ్వు కాబట్టి ఏది ఎక్కడ పెడదామో నువ్వు చెప్పు" అనండి. తర్వాత కాసేపు ఊరుకోండి. అదే కష్టం, నాకు తెలుసు.

అక్కడి నుంచి ఎటు వెళ్లినా దాని వెనక వచ్చేవి కొన్ని ఉంటాయి. పాప మళ్లీ ‘అన్నిట్లో తీసేయమను’ అనొచ్చు. మీరు ఒప్పుకుంటే తన మాటకు విలువిచ్చినట్టే, అది చిన్న విషయం కాదు. పదకొండేళ్ల పిల్ల ముఖం మీద పడే చూపుల నుంచి కాస్త దాక్కోవాలనుకుంటే తనను తాను అసహ్యించుకుంటోందని అర్థం చేసుకోనక్కర్లేదు. కాకపోతే పని చాలా పెద్దది. గ్రూప్ ఫొటోలు వందల్లో ఉంటాయి, వీడియోలో మచ్చ ఉండనే ఉంటుంది, చుట్టాల ఫోన్లలో తీసినవి వాళ్ల దగ్గరే ఉంటాయి. ఒక చోట మచ్చ ఉండి మరో చోట లేకపోతే, ఆల్బమ్ తిరగేసే ప్రతివాళ్లూ మీ చెల్లెలి కొడుకు అడిగిందే అడుగుతారు. ఆ సంగతి దాచకుండా ముందే పాపకు చెప్పండి. తెలిసి కూడా అదే కావాలంటే చేయించండి. అసలు ఫొటోలన్నీ మాత్రం ఎడిట్ చేయనివి పెన్‌డ్రైవ్‌లో అడిగి తీసుకుని ఇంట్లో దాచండి. ఇరవై ఏళ్లప్పుడు తనకు తన చిన్నప్పటి ముఖం చూసుకోవాలనిపిస్తే అది దొరకాలి.

పాప ఏమన్నా సరే మచ్చ ఉంచాల్సిందే అని మీరు పట్టుబట్టే దారి ఒకటుంది. ‘ఉన్నది ఉన్నట్టు ఉండాలి’ అనే మీ మనసు మంచిదే. కానీ ఫంక్షన్ పాపది, ఆల్బమ్ పాపది. ఈ పట్టుదలలో తను ఓడిపోతే రేపు బడిలో ఎవరేమన్నా మీ దగ్గరకొచ్చి చెప్పదు. ఆల్బమ్ అటక మీదే ఉండిపోతుంది. నాకు ఇష్టం లేని దారి ఇదే.

ఎక్కువగా జరిగేది మధ్యలో ఉంటుంది. కొన్ని ఫొటోలు అలా, కొన్ని ఇలా అంటుంది పిల్ల. ఫ్రేమ్ కట్టి హాల్లో పెట్టేది ఒకటి, తన గదిలో పెట్టుకునేది ఇంకొకటి. ముందు కవర్ మీద మచ్చ లేనిది, లోపల నాన్నతో నవ్వుతున్నది మచ్చతో. మీకు పొంతన లేనట్టు అనిపిస్తుంది, అనిపించనివ్వండి. ఆరు నెలల్లో తన మనసు మారితే ఫ్రేముల్లో ఫొటోలు మార్చుకునే వీలు తనకు ఉందని తెలిస్తే చాలు.

ఒంటి రంగు మాత్రం ఈ ఎంపికల్లో పెట్టొద్దు. అక్కడ నేను మెత్తగా చెప్పలేను. మచ్చ తీయమని పాప అడిగింది, తెల్లగా చేయమని ఎవరూ అడగలేదు, స్టూడియో అలవాటు కొద్దీ జరిగిపోయింది. మీ రంగే తన రంగు. అమ్మను కూడా తెల్లగా మార్చిన ఆల్బమ్ చూస్తూ పెరిగితే, ఇంట్లో ఎవరూ నోరు విప్పకపోయినా మన రంగు దాచాల్సినదన్న సంగతి తనకు చేరిపోతుంది. రంగు ఉన్నది ఉన్నట్టు, గడ్డం ఉన్నది ఉన్నట్టు. ఈ మాట మీరే, పెద్దవాళ్లుగా, స్టూడియోతో చెప్పేయండి. ప్రకటనల్లో శరీరాలను సన్నగా చేసిన ఫొటోలకు ‘రీటచ్ చేసింది’ అని రాసి తీరాలని ఫ్రాన్స్ 2017 నుంచి చట్టం అమలు చేస్తోంది. నార్వేలో 2022 నుంచి ఇలాంటి గుర్తు తప్పనిసరి. పెద్దవాళ్ల ప్రకటనలకే అంత జాగ్రత్త పడుతుంటే మన పిల్లల ఆల్బమ్‌కు మనం పడొద్దా?

అత్తగారి సంగతి. ఆవిడకు పాప మీద కోపం లేదు, భయం ఉంది. ఎదురు వాదిస్తే భయం పెరుగుతుంది. పాప లేనప్పుడు, "అత్తయ్య గారూ, ఫొటో చూసి వచ్చినవాళ్లు పిల్లను చూశాక మొహం మాడ్చుకుంటే మన పిల్ల ఎంత కుమిలిపోతుంది? ఆ మచ్చ చూసే ఇష్టపడి వచ్చేవాళ్లు కావాలి కదా మనకి" అనండి. ఆవిడకు అర్థమయ్యే లెక్క అది. ‘సంబంధాలు’, ‘గ్రహణం’ అనే మాటలు పాప చెవిన పడకుండా చూడమని చెయ్యి పట్టుకుని అడగండి. ఫ్లెక్సీ చేసిన గాయం కంటే ఈ మాటలు చేసేదే లోతుగా దిగుతుంది. మీవారికి ఇంత చెప్పక్కర్లేదు. ‘ఏమండీ, స్టూడియోకి ఇంకో రెండు వేలు అవ్వొచ్చు, పిల్ల కోసం’ అంటే ఒప్పుకుంటారని మీ ఉత్తరం చదివితే అనిపించింది.

పాప చేతికొచ్చే ఫోన్ కెమెరా కూడా ఒకసారి తెరిచి చూడండి. చాలా ఫోన్లలో సెల్ఫీకి బ్యూటీ మోడ్ ఉంటుంది. అది చర్మాన్ని నునుపు చేసి రంగు తేలిక చేస్తుంది, మచ్చల్ని పలచబరుస్తుంది. అలాంటి సెల్ఫీలు రోజూ చూసుకుంటే అద్దంలో ముఖమే తప్పుగా కనిపించడం మొదలవుతుంది. దాన్ని సున్నాకి తెచ్చేయండి. వాళ్ల అన్నయ్య ఎవరో ఉచిత ఏఐ యాప్‌లో పాప ఫొటో పెట్టి రాకుమారిలా చేశాడని రాశారు. ఆ ఫొటో ఎక్కడ దాస్తారో, దేనికి వాడతారో తెలియని చోటికి చిన్నపిల్ల ముఖం పంపొద్దని అతనికి చెప్పండి. మన దేశంలో 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం కూడా 18 ఏళ్ల లోపు వాళ్ల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి అంటోంది.

పాప ఇప్పుడు మచ్చ గురించి ఆలోచిస్తోంది కాబట్టి, చర్మ వైద్యుల దగ్గరకు మళ్లీ ఒకసారి తీసుకెళ్లడానికి ఇది మంచి సమయం. ఈ రకం మచ్చ దానంతటది పోదు. పిల్లతోపాటు పెరుగుతుంది, వయసు మీద ముదరొచ్చు, కొంతమందిలో మందంగా అవుతుంది. పల్స్‌డ్ డై లేజర్ అనే చికిత్స ఉంది. పలు విడతలు పడుతుంది, చాలామందిలో రంగు తగ్గుతుంది కానీ పూర్తిగా పోతుందని ఎవరూ హామీ ఇవ్వరు. చేయించాలని నేను అనడం లేదు. డాక్టరు దగ్గర పాపే నోరు తెరిచి ప్రశ్నలు అడగనివ్వండి. ‘ఇది నా ముఖం, దీని గురించి నన్ను అడుగుతున్నారు’ అనే అనుభవం తనకు ఇప్పుడు చాలా అవసరం.

వేసవికి మీ ఆడపడుచు దగ్గరకు డాలస్ వెళ్తున్నారని, స్టూడియో అబ్బాయి ఆ ఎడిట్ చేసిన ఫొటోతోనే పాస్‌పోర్ట్ సైజువి కూడా ఇచ్చాడని రాశారు. వాటిని వీసాకు వాడకండి. అమెరికా వీసా ఫొటోకు ఏ రకమైన డిజిటల్ మార్పూ చేయకూడదని నిబంధన. వెనక తెల్లగా ఉండాలి, ఆరు నెలల లోపు తీసినదై ఉండాలి. మచ్చ తీసేసిన ఫొటో తిరస్కరించవచ్చు, లేదా ఎయిర్‌పోర్టులో పాపనే నిలబెట్టి ఆ ఫొటోనూ ముఖాన్నీ పోల్చి చూడొచ్చు. ఆ ఇబ్బంది తనకు వద్దు. వేరే కొత్త ఫొటో తీయించండి. ఇది ఎందుకు ఉన్నది ఉన్నట్టు ఉండాలో పాపకు చెబితే తనే అర్థం చేసుకుంటుంది.

ఆదివారంలోగా ఆల్బమ్‌కు ఓకే చెప్పమని స్టూడియో వాళ్లు అడిగారన్నారు. ఈ రోజే ఫోన్ చేసి ఇంకో పది రోజులు గడువు తీసుకోండి. కరిజ్మా ఆల్బమ్ (ఫొటోలనే పుస్తకంలా బైండ్ చేసేది) ఒకసారి బైండింగ్ అయిపోయాక ఒక్క షీట్ మార్చాలన్నా మొత్తం విప్పాలి, దానికి ఏ స్టూడియో ఒప్పుకోదు. ఫంక్షన్ అయిపోయింది కాబట్టి ఆల్బమ్‌కు తొందర లేదు. పాప ఆలోచించుకోవడానికి ఎన్ని రోజులు పడితే అన్ని రోజులు పట్టనివ్వండి.